రహదారి పేవ్‌మెంట్ స్థితిని కొలిచి రేటింగ్ ఇవ్వడం ఎలా: సమగ్ర మార్గదర్శి

ఒక రోడ్డు బాగుందా అని అడిగితే దాని మీద కారులో వెళ్లేవారు ఒక జవాబు చెబుతారు, లారీలు తిప్పేవారు మరొకటి చెబుతారు, ఆ రోడ్డును నిర్వహించే ఇంజనీరు ఇంకొకటి చెబుతారు. ముగ్గురూ నిజమే చెబుతున్నారు, కాకపోతే ముగ్గురూ చూస్తున్నది ఒకే సంగతిని కాదు. ప్రయాణంలో తెలిసే కుదుపు, పైపొర మీద కనిపించే పగుళ్లు గుంతలు, లోపలి పొరలకు బరువు మోసే శక్తి, వాన పడినప్పుడు టైరుకు దొరికే పట్టు అన్నవి నాలుగు వేర్వేరు గుణాలు. పలుచని తారు పొర కొత్తగా పరిచిన రోడ్డు అద్దంలా నున్నగా ఉంటూనే లోపల నీరు పట్టి మెత్తబడి ఉండవచ్చు. గతుకులతో విసిగించే పాత కాంక్రీట్ రోడ్డు మరో 20 ఏళ్లు బరువు మోయగలిగినదై ఉండవచ్చు. అందుకే పేవ్‌మెంట్ (వాహనాలు నడిచే రోడ్డు పొరల) రేటింగ్ అంటే ఏదో ఒక అంకె వేయడం కాదు. ఈ నాలుగింటినీ విడివిడిగా కొలిచి, విడివిడిగా భద్రపరచి, ఆ తర్వాతే అవసరాన్ని బట్టి కలపడం.

ఈ రంగానికి పునాది అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం ఒటావా దగ్గర 1958 నుంచి 1960 వరకు సాగిన ఆషో (అమెరికా రాష్ట్రాల రహదారి అధికారుల సంఘం) రోడ్ టెస్టులో పడింది. ఒక బృందాన్ని కార్లలో రోడ్ల మీద తిప్పి 0 నుంచి 5 వరకు మార్కులు వేయమన్నారు. ఆ మార్కులకూ పరికరాలతో తీసిన కొలతలకూ మధ్య కేరీ, ఐరిక్ అనే ఇద్దరు ఒక సమీకరణం కట్టారు. తారు రోడ్ల సమీకరణంలో 5.03 నుంచి ఎత్తుపల్లాలకు, చక్రాల గాడి లోతుకు, పగుళ్లకు కొంత కొంత తీసివేస్తారు. పగుళ్లు, ప్యాచ్‌ల వంతు ఎంతో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ప్రతి 1000 చదరపు అడుగులలో అవి ఎంత మేర ఉన్నాయో తీసుకుని, దాని వర్గమూలాన్ని 0.01తో హెచ్చించాలి. అంటే 100 చదరపు అడుగులు, రోడ్డులో పదో వంతు, పగిలిపోయినా తగ్గే మార్కు 0.1 మాత్రమే. బృందంలోని మనుషులు పొరపాటు పడ్డారని దీని అర్థం కాదు. వారిని అడిగింది ప్రయాణం గురించి, వారు చెప్పిందీ ప్రయాణం గురించే. రోడ్డు ఆయుష్షు గురించి ఆ మార్కును అడగడం మన తప్పవుతుంది.

మొదటి మెట్టు: ఏ నిర్ణయం కోసం కొలుస్తున్నారో తేల్చుకోవడం

వేల కిలోమీటర్ల వ్యవస్థలో ఏ రోడ్డుకు ముందు నిధులు ఇవ్వాలన్నది ఒక ప్రశ్న. ఎంపికైన ఐదు కిలోమీటర్లకు ఎంత మందం పొర వేయాలన్నది ఇంకొక ప్రశ్న. మొదటిదాన్ని నెట్‌వర్క్ స్థాయి అంటారు. అక్కడ ట్రాఫిక్ వేగంతో కదిలే వాహనం తెచ్చే కుదుపు, గాడి, పగుళ్ల సమాచారం సరిపోతుంది. రెండవది ప్రాజెక్టు స్థాయి. దానికి నడిచి చూడడం, డిఫ్లెక్షన్ (బరువుకు రోడ్డు ఎంత అణుగుతుందో చూసే) పరీక్ష, కోర్లు (పొరలను గుండ్రంగా కోసి తీసే నమూనాలు) తీయడం తప్పనిసరి. నెట్‌వర్క్ సర్వే అంకెలతో నేరుగా పొర మందం నిర్ణయించడం ఈ పనిలో తరచూ జరిగే, ఖరీదైన పొరపాటు.

రెండవ మెట్టు: రోడ్డును ముక్కలుగా విడదీయడం

ఒకే కాలంలో కట్టిన, ఒకే పొరల కూర్పు ఉన్న, ఒకే స్థాయి ట్రాఫిక్ మోసే భాగం ఒక సెక్షన్ అవుతుంది. వీటిలో ఏది మారినా అక్కడ గీత గీయాలి. నిర్మాణ రికార్డులు దొరకనిచోట డిఫ్లెక్షన్ లేదా కుదుపు కొలతల సంచిత మొత్తాన్ని సగటు రేఖతో పోల్చి, ఆ తేడా రేఖ వాలు దిశ మార్చుకున్నచోట సెక్షన్ హద్దు పెట్టవచ్చు.

ప్రతి కొలతకూ రోడ్డు సంఖ్య, దిశ, లేను, చైనేజీ (రోడ్డు మొదలు నుంచి దూరం), జీపీఎస్ స్థానం, తేదీ ఉండి తీరాలి. ఇది గుమాస్తా పనిలా కనిపిస్తుంది కానీ మొత్తం సర్వే విలువ దీని మీదే నిలుస్తుంది. ఈ ఏడాది 12.400 కి.మీ. దగ్గర కొలిచింది, వచ్చే ఏడాది 12.460 దగ్గర కొలిచింది ఒకే చోటనుకుని పోల్చితే, మరమ్మతు లేకుండానే బాగుపడిన రోడ్లు, కారణం లేకుండానే పాడైన రోడ్లు పుట్టుకొస్తాయి. బహుళ లేన్ల రహదారిలో ఒక్క లేనునే కొలిచే వీలుంటే, బరువు వాహనాలు ఎక్కువగా నడిచే బయటి లేనును ఎంచుకుని, ప్రతి సర్వేలోనూ దానికే కట్టుబడాలి.

మూడవ మెట్టు: కుదుపును కొలవడం

ఒకప్పుడు ప్రతి దేశానికీ ఒక యంత్రం, ప్రతి యంత్రానికీ ఒక అంకె ఉండేవి. వాటిని ఒక్క భాషలోకి తేవడానికి 1982లో బ్రెజిల్‌లోని బ్రసీలియాలో ఒక అంతర్జాతీయ ప్రయోగం జరిగింది. దాని ఫలితంగా రూపొందిన అంతర్జాతీయ రఫ్‌నెస్ సూచికను, అంటే ఐఆర్ఐని, ప్రపంచ బ్యాంకు 1986లో ప్రచురించింది. ఇది ఏ యంత్రం చూపే రీడింగూ కాదు, ఒక లెక్క. రోడ్డు నిలువు రూపురేఖను కొలిచి, దాని మీద ఒక చక్రం, ఒక స్ప్రింగు, ఒక షాక్ అబ్జార్బర్ ఉన్న ఊహా వాహనాన్ని గంటకు 80 కి.మీ. వేగంతో కంప్యూటర్లో నడుపుతారు. ఒక కిలోమీటరు దూరంలో ఆ స్ప్రింగు పైకీ కిందికీ మొత్తం ఎన్ని మీటర్లు కదిలిందో అదే ఐఆర్ఐ. సున్నా అంటే ఏ కుదుపూ లేని రూపురేఖ. పైకి హద్దు లేదు. సుమారు 1.3 మీటర్ల నుంచి 30 మీటర్ల పొడవున్న అలలకు ఈ లెక్క బాగా స్పందిస్తుంది, కాబట్టి కంకర గరుకుదనం గానీ పెద్ద ఏటవాలు గానీ దీనిలోకి పెద్దగా రావు.

రూపురేఖను కొలవడానికి ఇప్పుడు వాడేది ఇనర్షియల్ ప్రొఫైలర్. వాహనం శరీరం ఎంత ఊగుతోందో యాక్సెలరోమీటరు చెబుతుంది, శరీరం నుంచి రోడ్డుకు ఎంత దూరమో లేజరు చెబుతుంది, ఎంత దూరం నడిచిందో చక్రానికి అమర్చిన పరికరం చెబుతుంది. మొదటిదానిలోంచి రెండవదాన్ని తీసివేస్తే రోడ్డు రూపం మిగులుతుంది.

బయలుదేరే ముందు టైర్ల గాలి సరిచూసి, కొంత దూరం నడిపి టైర్లు వేడెక్కనివ్వాలి. తర్వాత టేపుతో కచ్చితంగా కొలిచిన తిన్నని దూరం మీద దూర పరికరాన్ని సరిచేయాలి. లేజరు కింద 25 మి.మీ., 50 మి.మీ. మందం గల దిమ్మెలు పెట్టి అది అంతే తేడా చూపుతోందో లేదో చూడాలి. ఆపైన నిలిచి ఉన్న వాహనాన్ని చేత్తో ఊపాలి. ఊగినా రూపురేఖ దాదాపు చదునుగా రావాలి. అలలు కనిపిస్తే యాక్సెలరోమీటరుకూ లేజరుకూ పొత్తు కుదరలేదన్నమాట. కొలత మొదలయ్యే చోటుకు కొన్ని వందల మీటర్ల ముందే నిలకడైన వేగం అందుకోవాలి. గట్టిగా బ్రేకు వేస్తే, సిగ్నళ్ల దగ్గర ఆగితే అక్కడి కొలత చెడిపోతుంది. తడి రోడ్డు మీద కొలవకూడదు. వంతెన అతుకులు, రైల్వే క్రాసింగులు వచ్చినప్పుడు మీట నొక్కి గుర్తు పెట్టాలి, ఎందుకంటే వాటి కుదుపు పేవ్‌మెంట్ ఖాతాలో పడకూడదు.

ఎడమ, కుడి చక్రాల దారుల విలువలు విడిగా తీసి సగటు చూడాలి. ఫలితాన్ని కిలోమీటరుకు ఒక్క అంకెగా ఇచ్చి ఊరుకోవద్దు. తొమ్మిది వందల మీటర్లలో 1.7, మిగిలిన వంద మీటర్లలో 4.7 ఉన్న కిలోమీటరు సగటు 2.0 వస్తుంది, ఆ 2.0 చూసిన అధికారికి అక్కడ డ్రైవరు ఉలిక్కిపడే చోటు ఒకటుందని ఎన్నటికీ తెలియదు. అందుకని వంద మీటర్లకు ఒకటి చొప్పున నివేదించడమే మేలు.

నాలుగవ మెట్టు: నడిచి చూసి లోపాలను నమోదు చేయడం

పైపొర లోపాల రేటింగుకు ఎక్కువగా వాడే పద్ధతి పేవ్‌మెంట్ కండిషన్ ఇండెక్స్, అంటే పీసీఐ. అమెరికా సైన్యపు ఇంజనీర్ల దళం 1970లలో దీన్ని విమానాశ్రయాల కోసం రూపొందించింది. రోడ్లకు ఇప్పుడు ఏఎస్‌టీఎం అనే ప్రమాణాల సంస్థ ఇచ్చిన డి6433 ప్రమాణంగా అమలులో ఉంది. 100 అంటే ఏ లోపమూ లేదని, 0 అంటే పూర్తిగా విఫలమైందని అర్థం.

సెక్షనునంతా కొలవనవసరం లేదు. దాన్ని నమూనా గళ్లుగా విడదీయాలి. తారు రోడ్డులో ఒక గడి విస్తీర్ణం 225 చ.మీ.కు 90 అటూ ఇటూగా ఉండాలి. అతుకులున్న కాంక్రీట్ రోడ్డులో 20 పలకలకు 8 అటూ ఇటూగా ఉండాలి. 7 మీటర్ల వెడల్పు, 3 కి.మీ. పొడవు ఉన్న తారు రోడ్డును తీసుకుందాం. 32 మీటర్లకు ఒక గడి అనుకుంటే దాని విస్తీర్ణం 224 చ.మీ., మొత్తం గళ్లు 94. ఎన్నింటిని చూడాలో లెక్కకట్టడానికి తారు రోడ్డుకు ప్రామాణిక విచలనం (గళ్ల పీసీఐలు సగటు నుంచి ఎంత చెదిరి ఉంటాయన్న కొలత) 10 అని, అనుమతించే తప్పు 5 పాయింట్లని తీసుకుంటారు. 94ను 10 వర్గంతో హెచ్చిస్తే 9400. 5 వర్గమైన 25ను 4తో భాగించి, 94 కంటే ఒకటి తక్కువైన 93తో హెచ్చించి, దానికి 100 కలిపితే 681.25, మొదటిదాన్ని రెండవదానితో భాగిస్తే 13.8, అంటే 14 గళ్లు. 94ను 14తో భాగిస్తే 6.7; కిందికి సవరించి ప్రతి ఆరవ గడిని చూడాలి. మొదలు మాత్రం 1 నుంచి 6 లోపు చీటీ తీసి నిర్ణయించాలి. చీటీలో 4 వస్తే 4, 10, 16 అలా సాగి 94 దాకా 16 గళ్లవుతాయి. గుంతలున్నాయని ఒక గడిని ఎంచుకోవడం, నీడ ఉందని ఇంకో గడిని ఎంచుకోవడం రెండూ తప్పే. మిగతావాటికంటే దారుణంగా ఉన్న గడి కంట పడితే దాన్ని అదనపు గడిగా విడిగా నమోదు చేయాలి, యాదృచ్ఛిక గళ్లలో కలపకూడదు.

సైటుకు కొలత చక్రం, 3 మీటర్ల స్ట్రెయిట్ ఎడ్జ్ (తిన్నని గట్టి పట్టీ), మి.మీ. స్కేలు, సుద్దముక్కలు, ఫారాలు, లోపాల బొమ్మలున్న చేతిపుస్తకం తీసుకెళ్లాలి. వీటన్నిటికంటే ముందు ట్రాఫిక్ నియంత్రణ: హెచ్చరిక బోర్డులు, కోన్లు, మెరిసే జాకెట్లు, వాహనాలను గమనిస్తూ ఉండడమే పనిగా ఒక మనిషి. సూర్యుడు కాస్త వాలి ఉన్న వేళ సన్నని పగుళ్లు నీడ వల్ల బాగా కనిపిస్తాయి, నడినెత్తిన ఉన్నప్పుడు కలిసిపోతాయి. వాన వెలిసి రోడ్డు ఆరుతున్నప్పుడు పగుళ్లలో మిగిలిన తడి వాటిని ముదురు గీతల్లా చూపిస్తుంది కాబట్టి ఆ వేళ తీసిన లెక్క పొడి రోజు లెక్కకంటే ఎక్కువ వస్తుంది. ఏ పరిస్థితిలో చూశారో ఫారం మీద రాయాలి.

ఇక లోపాలను గుర్తుపట్టడం. మొత్తం మీద నిపుణత కావాల్సింది ఇక్కడే. ప్రతి లోపానికీ రకం, తీవ్రత, పరిమాణం అనే మూడు సంగతులు రాయాలి, రకం తప్పితే మిగిలిన రెండూ వృథా.

మొసలి చర్మంలా కనిపించే పగుళ్లు చక్రాల దారిలోనే పుడతాయి. బరువుకు మళ్లీ మళ్లీ వంగిన తారు పొర అడుగు భాగం సాగి చిట్లి, ఆ చీలిక పైకి పాకడం సాధారణంగా దీని మూలం. మొదట పొడవునా సన్నని సమాంతర గీతలు కనిపిస్తాయి. అది తక్కువ తీవ్రత. గీతలు కలిసి వలలా ఏర్పడి అంచులు కాస్త రాలితే మధ్యమం. ముక్కలు స్పష్టంగా విడిపోయి, అంచులు రాలి, కొన్ని వాహనం కింద కదులుతుంటే ఎక్కువ. ముక్క పొడవైన వైపు సాధారణంగా అర మీటరు కంటే తక్కువే ఉంటుంది. ఇవి ఎన్ని చ.మీ. ఉన్నాయో కొలవాలి. దిమ్మెల్లాంటి పగుళ్లు వేరు. అవి చక్రం నడవని చోట కూడా ఉంటాయి, ఒక్కో దిమ్మె సుమారు 0.3 మీటర్ల నుంచి 3 మీటర్ల దాకా ఉంటుంది, తారు వయసు మళ్లి గట్టిపడి ఉష్ణోగ్రత మార్పులకు ముడుచుకోవడం వాటికి కారణం. మొదటిది బలం తగ్గిందని చెబుతుంది, రెండవది తారు పాతబడిందని చెబుతుంది. రెండింటినీ కలిపి పగుళ్లు అని ఒక్క గడిలో రాసే సర్వేను నేను రేటింగుగా లెక్కపెట్టను, ఎందుకంటే వాటి మందులు పూర్తిగా వేరు.

పొడవు పగుళ్లను, అడ్డ పగుళ్లను మీటర్లలో కొలవాలి. నింపని పగులు వెడల్పు 10 మి.మీ. లోపుంటే తక్కువ, 10 నుంచి 75 దాకా మధ్యమం, అంతకు మించితే ఎక్కువ. పగులు చుట్టూ చిన్న పగుళ్లు పుట్టి ఉంటే తీవ్రత ఒక మెట్టు పెరుగుతుంది. గుంతలను లెక్కపెట్టాలి, లోతును, వ్యాసాన్ని రెండింటినీ చూసి తీవ్రత తేల్చాలి. వ్యాసం 750 మి.మీ. దాటిన గుంత విస్తీర్ణాన్ని 0.5 చ.మీ.తో భాగించి అన్ని గుంతలుగా లెక్కించాలి.

చక్రాల గాడికి స్ట్రెయిట్ ఎడ్జ్‌ను అడ్డంగా పెట్టి దాని కింద అత్యధిక లోతు కొలవాలి. సగటు లోతు 6 నుంచి 13 మి.మీ. అయితే తక్కువ, 25 దాకా మధ్యమం, ఆపైన ఎక్కువ. లోతుతోపాటు ఆకారం కూడా రాసుకోవాలన్నది నా సలహా, ప్రమాణం అడగకపోయినా సరే. గాడి ఇరుకుగా ఉండి పక్కల గట్టులా ఉబ్బితే పైపొర తారు మిశ్రమమే పక్కకు జరుగుతోందని అనుమానించాలి. వెడల్పుగా, ఉబ్బు లేకుండా కుంగితే లోపం కింది పొరల్లోనో పునాది మట్టిలోనో ఉండవచ్చు. మొసలి పగుళ్లు, గాడి ఒకే చోట ఉంటే రెండింటినీ విడివిడిగా నమోదు చేయాలి. వాహనానికి అమర్చిన మూడు లేదా ఐదు లేజరు చుక్కలతో గాడి కొలిస్తే అసలు లోతు దక్కకపోవచ్చు, ఎందుకంటే డ్రైవరు ఒక అడుగు పక్కకు జరిగితే చుక్క గాడి అడుగును తప్పిపోతుంది. లేను వెడల్పంతా గీత గీసే లేజర్లు ఈ ఇబ్బందిని చాలావరకు తీర్చాయి.

కాంక్రీట్ రోడ్డులో కొలత చ.మీ.లలో కాక పలకల సంఖ్యలో సాగుతుంది: మూల విరిగిన పలకలు ఎన్ని, ముక్కలైనవి ఎన్ని, అతుకు దగ్గర మెట్టు పడినవి ఎన్ని. మెట్టు 3 నుంచి 10 మి.మీ. ఉంటే తక్కువ, 10 నుంచి 20 అయితే మధ్యమం, ఆపైన ఎక్కువ.

ఐదవ మెట్టు: పీసీఐ లెక్క

ఒక గడిలో ప్రతి లోపం, ప్రతి తీవ్రత మొత్తాన్ని కూడి గడి విస్తీర్ణంతో భాగించి శాతం తీయాలి. 224 చ.మీ. గడిలో 12 చ.మీ. మధ్యమ మొసలి పగుళ్లు ఉంటే సాంద్రత 5.36 శాతం. ఆ సాంద్రతకు ఎంత మార్కు కోయాలో ప్రమాణంలోని వక్రరేఖ చెబుతుంది. దాన్ని కోత విలువ అందాం. లోపాలన్నిటి కోతలనూ నేరుగా కూడితే మొత్తం 100 దాటిపోయే ప్రమాదం ఉంది. అందుకని దిద్దుబాటు ఉంది.

ఒక గడిలో కోతలు 25, 18, 9, 4, 1 వచ్చాయనుకుందాం. ఎన్ని కోతలను లెక్కలోకి తీసుకోవచ్చో ముందు చూడాలి: 100 నుంచి అతిపెద్ద కోత 25 తీసివేసి, 9ని 98తో భాగించిన దానితో హెచ్చించి, 1 కలపాలి. 7.9 వస్తుంది, మన దగ్గర ఐదే ఉన్నాయి కాబట్టి అన్నీ తీసుకోవచ్చు. 2 కంటే పెద్ద కోతలు నాలుగు, మొత్తం 57. నాలుగు కోతల వక్రరేఖ మీద 57కు దిద్దిన విలువ చదవాలి. తర్వాత 2 కంటే పెద్దవాటిలో చిన్నదైన 4ను 2గా మార్చాలి. మొత్తం 55, 2 కంటే పెద్దవి మూడే కాబట్టి ఈసారి మూడు కోతల వక్రరేఖ మీద చదవాలి. ఆపైన 9ని 2 చేస్తే మొత్తం 48, లెక్కలో రెండు. చివరికి 18ని 2 చేస్తే మొత్తం 32, లెక్కలో ఒకటి. ఒక్కటే మిగిలినప్పుడు దిద్దిన విలువ ఆ మొత్తమే. ఈ నాలుగు దిద్దిన విలువల్లో పెద్దదాన్ని 100 నుంచి తీసివేస్తే ఆ గడి పీసీఐ. చివరి మెట్టులోనే 32 వచ్చింది కాబట్టి ఈ గడి పీసీఐ 68 దాటదు. వక్రరేఖల నుంచి వచ్చిన పెద్ద విలువ 36 అయితే పీసీఐ 64. మొదటి మొత్తం దగ్గరే ఆగిపోయి మిగిలిన మెట్లు వదిలేయడం కొత్తవారు చేసే తప్పు. పెద్ద విలువ మధ్య మెట్టులో వచ్చే సందర్భాలు తక్కువేమీ కావు.

గళ్ల పీసీఐలను వాటి విస్తీర్ణాల భారంతో సగటు తీస్తే సెక్షన్ పీసీఐ. 86 నుంచి 100 మంచిది, 71 నుంచి 85 తృప్తికరం, 56 నుంచి 70 ఫరవాలేదు, 41 నుంచి 55 బాగోలేదు, 26 నుంచి 40 చాలా బాగోలేదు, 11 నుంచి 25 తీవ్రం, 10 వరకు విఫలం. సగటుతోపాటు అతి తక్కువ గడి విలువను కూడా నివేదికలో ఉంచాలి.

ఆరవ మెట్టు: లోపలి బలం

పై మెట్లన్నీ కంటికి కనిపించేవాటి గురించే. లోపల ఏముందో తెలియాలంటే బరువు వేసి రోడ్డు ఎంత అణుగుతుందో చూడాలి. 1950ల ఆరంభంలో బెంకెల్‌మన్ రూపొందించిన పొడవాటి దూలం ఇందుకు తొలి సులువైన సాధనం. లారీ జంట టైర్ల మధ్య దాని కొనను పెట్టి, లారీ కదులుతుంటే రోడ్డు తిరిగి ఎంత లేచిందో చదువుతారు. అది నెమ్మదైన పని, పైగా ఒక్క బిందువు లోతునే చెబుతుంది.

ఇప్పటి ప్రామాణిక పరికరం ఫాలింగ్ వెయిట్ డిఫ్లెక్టోమీటర్. 300 మి.మీ. వ్యాసం ఉన్న పళ్లెం మీద బరువును జారవిడిచి, సాధారణంగా 40 కిలోన్యూటన్ల దెబ్బను, కదిలే లారీ చక్రం దాటినంత క్షణకాలంలో వేస్తారు. మధ్యలోనూ, 200, 300, 450, 600, 900, 1200, 1500 మి.మీ. దూరాల్లోనూ ఉన్న సెన్సర్లు ఆ క్షణాన రోడ్డు ఎంత అణిగిందో మైక్రాన్లలో (మి.మీ.లో వెయ్యో వంతులలో) చెబుతాయి. ఈ పల్లపు ఆకారంలోనే సమాచారమంతా ఉంది. మధ్య సెన్సరు అన్ని పొరల ఉమ్మడి బలాన్ని చూపితే, దూరపు సెన్సరు దాదాపుగా పునాది మట్టినే చూపుతుంది, ఎందుకంటే బరువు కిందికి దిగేకొద్దీ పక్కలకు వ్యాపిస్తుంది.

రెండు చోట్లా మధ్య సెన్సరు దగ్గర డిఫ్లెక్షన్ ఒకేలా 500 మైక్రాన్లు వచ్చి, 900 మి.మీ. దగ్గర ఒకచోట 50, ఇంకోచోట 150 వచ్చాయనుకుందాం. 1993 నాటి ఆష్టో (ఆషో సంఘానికి తర్వాత వచ్చిన పేరు) పద్ధతిలో పునాది మట్టి మాడ్యులస్ (బిగువు కొలత) కోసం బరువును 0.24తో హెచ్చించి, ఆ సెన్సరు డిఫ్లెక్షన్, దూరాల లబ్ధంతో భాగిస్తారు. మొదటిచోట సుమారు 213 మెగాపాస్కల్‌లు, రెండవచోట 71 వస్తాయి. మొదటిచోట నేల గట్టిదే, పై పొరలు చచ్చిపోయాయి. రెండవచోట నేలే మెత్తన. మధ్య అంకె ఒక్కటే చూసి ఉంటే రెండు చోట్లకూ ఒకే వైద్యం జరిగేది. ఈ విలువలను ల్యాబ్ విలువల స్థాయికి తేవడానికి అదే పద్ధతి వాటిని మూడో వంతుకు తగ్గించమంటుంది, డిజైనులో ఆ సంగతి మరచిపోతే పొర పలుచనవుతుంది.

తారు వేడికి మెత్తబడుతుంది కనుక పొరలో రంధ్రం చేసి లోపలి ఉష్ణోగ్రత కొలిచి, డిఫ్లెక్షన్‌ను ప్రామాణిక ఉష్ణోగ్రతకు దిద్దాలి. నేల తడిసి బలహీనంగా ఉండే కాలంలో కొలిచిన విలువ, ఎండిన కాలంలో కొలిచినది ఒకటి కాదు. కాంక్రీట్ రోడ్డులో అతుకుకు ఒక పక్క బరువు వేసి, అవతలి పలక ఎంత అణిగిందో ఇవతలి పలకతో పోల్చి శాతం తీస్తే అతుకు బరువును ఎంత పంచుకుంటోందో తెలుస్తుంది.

ఏడవ మెట్టు: టైరు పట్టు

పట్టును రెండు రకాల గరుకుదనం ఇస్తుంది. కంకర రాయి పైనున్న, అర మి.మీ. లోపు సూక్ష్మమైన గరుకు ఒకటి. రాళ్ల మధ్య సందులతో ఏర్పడి, నీటిని టైరు కింది నుంచి తప్పించే పెద్ద గరుకు రెండవది. నేరుగా కొలవాలంటే తడిపిన రోడ్డు మీద ట్రైలర్ చక్రాన్ని బిగబట్టి గంటకు 64 కి.మీ. వేగంతో ఈడ్చి, ఘర్షణ గుణకాన్ని 100తో హెచ్చించి చెబుతారు. బ్రిటన్‌లో పుట్టిన స్క్రిమ్ యంత్రం చక్రాన్ని 20 డిగ్రీలు పక్కకు తిప్పి ఆపకుండా కొలుస్తుంది.

పెద్ద గరుకును యంత్రం లేకుండానే కొలవవచ్చు. తెలిసిన ఘనపరిమాణం గల సన్నని గాజు పూసలను గానీ ఇసుకను గానీ పొడి రోడ్డు మీద పోసి, చదునైన పళ్లెంతో గుండ్రంగా రుద్ది, సందులన్నీ నిండాక వృత్తపు వ్యాసాన్ని నాలుగు దిక్కుల్లో కొలిచి సగటు తీయాలి. 25 మి.లీ. ఇసుక 200 మి.మీ. వృత్తంగా పరుచుకుంటే సగటు లోతు 0.8 మి.మీ. వృత్తం పెద్దదైతే రోడ్డు నున్నబడిందన్నమాట.

ఎనిమిదవ మెట్టు: కొలతలను కలిపి చదవడం

కలపడానికి సూటైన నమూనా అమెరికా ఫెడరల్ హైవే సంస్థ 2017లో ప్రకటించిన నిబంధన. తారు రోడ్డుకు ఐఆర్ఐ 1.5 లోపు మంచిది, 2.7 దాటితే చెడ్డది. పగుళ్లు 5 శాతం లోపు మంచిది, 20 దాటితే చెడ్డది. గాడి సుమారు 5 మి.మీ. లోపు మంచిది, 10 దాటితే చెడ్డది. మూడూ మంచివైతేనే ఆ ముక్క మంచిది, రెండు గానీ అంతకు మించి గానీ చెడ్డవైతే చెడ్డది, మిగిలినవన్నీ మధ్యస్థం. ఐఆర్ఐ 1.4, గాడి 4 మి.మీ., పగుళ్లు 12 శాతం ఉన్న రోడ్డు మధ్యస్థం, ఐఆర్ఐ 3.0 ఉండి మిగిలిన రెండూ మంచివైన రోడ్డూ మధ్యస్థమే. మొదటి రోడ్డు బహుశా బరువుకు అలసిపోతోంది. రెండవది నిర్మాణంలో చదును కుదరనిదో నేల ఉబ్బినదో కావచ్చు. రెండింటికీ ఒకే పేరు పడింది, కాబట్టి పేరుతోపాటు మూడు అంకెలూ ఎప్పుడూ పక్కనే ఉండాలి. అన్నిటికీ భారాలు వేసి ఒకే సూచికగా కలిపే పద్ధతులంటే నాకు అంత నమ్మకం లేదు. పట్టు తగ్గిన ప్రమాదకరమైన మలుపు మంచి ఐఆర్ఐ చాటున దాక్కుంటుంది.

చదివేటప్పుడు ఈ జోడింపులను వెతకాలి. పీసీఐ తక్కువగా ఉండి డిఫ్లెక్షన్ బాగుంటే పైపొర జబ్బు, పైపొరతోనే నయమవుతుంది. పీసీఐ బాగుండి డిఫ్లెక్షన్ ఎక్కువగా ఉంటే రోడ్డు ఇంకా పగలలేదు గానీ త్వరలో పగులుతుంది. ఇలాంటి రోడ్ల జాబితాను ముందుగా చూడడం లాభం. ఐఆర్ఐ ఎక్కువగా ఉండి పగుళ్లు, గాడి లేకపోతే కుంగుబాటు, మురుగు కాలువల అడ్డుకోతలు, వంతెన చేరువ కట్టల వైపు చూడాలి.

తొమ్మిదవ మెట్టు: కొలతను తనిఖీ చేయడం

సర్వే మొదలయ్యే ముందు స్థితి ముందే తెలిసిన కొన్ని నియంత్రణ ముక్కల మీద యంత్రాన్నీ మనుషులనూ పరీక్షించాలి, మధ్యలో మళ్లీ, చివర మళ్లీ అదే చేయాలి. ఒకరు రేట్ చేసిన కొన్ని గళ్లను రెండవవారు మొదటివారి ఫారం చూడకుండా రేట్ చేయాలి. తేడా వచ్చినప్పుడు సగటు తీయకుండా ఇద్దరూ అక్కడికే వెళ్లి నిలబడి మాట్లాడుకోవాలి. నేను పనిచేసిన ఒక సర్వేలో ఒకే గడికి ఇద్దరం 15 పాయింట్ల తేడాతో మార్కులు వేశాం. వెళ్లి చూస్తే ఒకరు దిమ్మె పగుళ్లన్నది ఇంకొకరు మొసలి పగుళ్లని రాసినట్టు తేలింది.

కంప్యూటర్‌తో రోడ్డు చిత్రాల్లోంచి పగుళ్లు వెతికే పద్ధతికి మారుతున్నప్పుడు, లేదా కెమెరా, సాఫ్ట్‌వేర్ మార్చినప్పుడు, కనీసం కొంత రోడ్డును పాతదానితో, కొత్తదానితో ఒకే ఏడాది కొలవాలి. లేకపోతే యంత్రం మారడమే రోడ్డు మారడంగా కనిపిస్తుంది. సులువైన తనిఖీ ఇంకొకటుంది: మరమ్మతు రికార్డు లేకుండా పీసీఐ చెప్పుకోదగినంత పెరిగిన సెక్షన్లన్నిటినీ పక్కకు తీయండి. వాటిలో కొన్ని రికార్డు కాని మరమ్మతులు, మిగిలినవి కొలత తప్పులు.

పదవ మెట్టు: కోర్లు

ప్రాజెక్టు స్థాయిలో చివరి మాట కోరుదే. ఒక కోరు సరిగ్గా పగులు మీద తీయాలి, ఇంకొకటి దాని పక్కనే పగలని చోట, మరొకటి చక్రం నడవని లేను మధ్యలో. పగులు కోరులో చీలిక పైనుంచి కిందికి కొంతే దిగితే పైపొరను గీకి కొత్తది పరచడం సరిపోవచ్చు. అడుగు నుంచి పైదాకా ఉంటే సరిపోదు. పొరల మధ్య అతుకు ఊడిందా, అడుగు భాగంలో రాళ్ల మీది తారు కొట్టుకుపోయిందా చూసి, ప్రతి పొర మందాన్ని స్కేలు పక్కన పెట్టి ఫోటో తీయాలి. డిఫ్లెక్షన్ లెక్కలో వాడిన మందానికీ కోరు చూపిన మందానికీ తేడా ఉంటే ఆ లెక్క మళ్లీ చేయాలి. రంధ్రాన్ని అదే రోజు నింపి, దిమ్మిస కొట్టి, కోరు ఉంచిన సంచీ మీద రోడ్డు సంఖ్య, దిశ, లేను, చైనేజీ, తేదీ చెరగని సిరాతో రాయాలి.